కేకలు, రక్తం లేకుండా, చూశాక చాలా రోజులు మనసులో ఉండిపోయే హారర్ యానిమే ఏదైనా ఉందా?

ఉంది. 2007లో వచ్చిన 'మోనోనోకే' అనే యానిమే, అంటే జపాన్ వాళ్ళ బొమ్మల సిరీస్. పేరు చూసి జపాన్ దర్శకుడు మియజాకి 1997లో తీసిన 'ప్రిన్సెస్ మోనోనోకే' సినిమా అనుకోకండి, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది తోయే యానిమేషన్ వాళ్ళ టీవీ సిరీస్, దర్శకుడు కెంజి నకమురా. 12 ఎపిసోడ్లలో ఐదు కథలు. మీరు అడిగినది మొదటి రెండు ఎపిసోడ్లలోనే దొరుకుతుంది. ఆ కథ పేరు 'జాషికి వరాషి'. కథంతా ఇక్కడ చెప్పేస్తున్నాను కాబట్టి, ముందే తెలియకూడదనుకుంటే చూసొచ్చి చదవండి.

జోరున వాన కురుస్తున్న రాత్రి షినో అనే గర్భిణి ఒక సత్రానికి వస్తుంది. పనిచేసిన ఇంటి చిన్న యజమాని వల్ల కడుపొచ్చింది. ఆ బిడ్డ భూమ్మీద పడకూడదని ఆమెను చంపడానికి మనిషిని పంపారు. సత్రంలో గదులు లేవు. బతిమాలగా బతిమాలగా యజమానురాలు పైన ఎవరికీ ఇవ్వని గది ఒకటి ఇస్తుంది. ఆ గదిలో పిల్లల నవ్వులు వినిపిస్తాయి.

జాషికి వరాషి అంటే ఈశాన్య జపాన్ పల్లెల్లో చెప్పుకునే ఇంటి పిల్ల దెయ్యం. అది ఉన్న ఇల్లు కలిసొస్తుందట, వెళ్ళిపోతే చితికిపోతుందట. మనం లక్ష్మి ఇల్లు విడిచిపోయింది అంటామే, అలాంటి నమ్మకం. జానపద కథలు సేకరించిన యనగిత కునియో 1910లో అచ్చువేసిన 'తోనో మోనోగతారి' అనే పుస్తకంలోనూ వీటి ముచ్చట్లున్నాయి. ఈ యానిమే ఒకే ప్రశ్న వేస్తుంది: ఆ ఇంటికి అంత సిరి ఎలా వచ్చింది? ఆ సత్రం ఒకప్పుడు వేశ్యాగృహం. కడుపొస్తే వ్యాపారం ఆగుతుందని యజమానురాలు ఆడవాళ్ళకి గర్భాలు తీయించింది. పుట్టకుండానే పోయిన ఆ పిల్లలంతా ఆ గది గోడల్లోనే ఉండిపోయారు. కింద అతిథులు భోంచేస్తుంటారు.

ఇందులో చీకటి మూలలు, ఉన్నట్టుండి మీదపడే ముఖాలు దాదాపు ఉండవు. పాత జపాన్ చెక్క అచ్చు బొమ్మల్లాగా ప్రతి గోడా ప్రతి తలుపూ పువ్వులతో, రంగులతో నిండి ఉంటుంది. బొమ్మ మొత్తం మీద కాగితం గరుకుతనం కూడా తెలుస్తుంది. అంత అందమైన గోడ వెనక ఏముందో తెలిశాక ఆ రంగులే చూడబుద్ధి కాదు.

ఇక మందులమ్మేవాడు. అతనే ఐదు కథల్లోనూ కనిపించే మనిషి. దెయ్యాన్ని నరికే కత్తి అతని దగ్గర ఉంది గానీ, మూడు విషయాలు తెలిస్తే తప్ప ఒరలోంచి రాదు: దాని రూపం, అసలు జరిగింది, అది అలా ఎందుకు మారిందన్న మనసులోని కారణం. అంటే ముందు దాని గోడు పూర్తిగా వినాలి. ఏ హారర్‌లోనూ నాకు ఇంత నచ్చిన నియమం లేదు.

నేను ఇది చూసింది నాకు ఐదో నెలలో కడుపు పోయిన రెండు నెలలకి. అమ్మ తన పాత నూలు చీరలు నాలుగు పొత్తిగుడ్డల కోసమని తీసిపెట్టింది. బిడ్డ పుట్టకముందే చింపకూడదని ఉతికి, మడతపెట్టి, అటక మీద ఉంచింది. నేను ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంట్లో ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. "మళ్ళీ పుడతారులే" అనేవాళ్ళు, అంతే. ఒకరోజు పాలు దించబోతుంటే నా చేతిలో ఉన్న మసిగుడ్డకి ఆకుపచ్చ అంచు కనిపించింది. ఆ చీరే. అమ్మ తప్పేం లేదు, పాత చీరలు ఎవరైనా అదే చేస్తారు. కానీ గిన్నె దించి అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

ఆ వారంలోనే ఈ కథ చూశాను. చివర్లో షినో ఆ పిల్లలని చూసి భయపడదు. పుట్టాలనుకుంటే నా కడుపున పుట్టండి అని, తనకి కాపుగా ఉన్న తాయెత్తును తీసేస్తుంది. వాళ్ళు వస్తారు. తీరా వస్తే ఆమె సొంత బిడ్డే పోతుందని తెలిసి ఆగిపోతారు. ఒక అమ్మ తమని కావాలనుకుంది, ఆ పిల్లలకి అది చాలు. అప్పుడే కత్తి ఒరలోంచి వస్తుంది.

అక్కడ ల్యాప్‌టాప్ మూసేసి ఏడ్చాను. ఆసుపత్రిలో కూడా అంత ఏడవలేదు. తెల్లారి ఆ మసిగుడ్డని ఉతికి, ఆరేసి, నా బీరువాలో పెట్టుకున్నాను. అమ్మ చూసింది, ఏమీ అనలేదు. మధ్యాహ్నం అటక మీద మిగిలిన మూడు చీరలూ దించి నా మంచం మీద పెట్టి వెళ్ళింది.

కాబట్టి ఇలాంటి నష్టం మీకో మీవాళ్ళకో ఈమధ్యే జరిగి ఉంటే ఈ కథ ఇప్పుడే చూడొద్దు, కొన్నాళ్ళు ఆగండి. దానికి బదులు ఇదే సిరీస్‌లో 'నొప్పెరాబో' చూడొచ్చు. అత్తింటివాళ్ళందరినీ చంపిందని మరణశిక్ష పడిన ఓచో అనే కోడలి కథ, నిజంగా ఆమె ఎవరిని చంపిందో చివర్లో తెలుస్తుంది. పెద్ద సిరీస్ కావాలంటే 2010 నాటి 'షికి' ఉంది, పల్లెలో ఒక్కొక్కరే చచ్చి లేస్తుంటారు, చివరికొచ్చేసరికి ఎవరి మీద జాలి పడాలో తెలియదు. నా ఓటు మాత్రం ఆ రెండు ఎపిసోడ్లకే.