హ్యూమిక్ పదార్థాల గురించి రాస్తున్న మిత్రుడికి

ప్రియమైన మిత్రమా,

మీ వ్యాసం చిత్తుప్రతిని శ్రద్ధగా చదివాను. క్యాపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్ (సన్నని గొట్టంలో విద్యుత్తు సాయంతో అణువులను వేరు చేసే పద్ధతి) వంటి విషయాన్ని తెలుగులో చెప్పాలన్న మీ పట్టుదల నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే హ్యూమిక్ ఆమ్లాన్ని మీరు మొదటి పేరాలోనే ఒక ఫార్ములా ఉన్న రసాయనంలా పరిచయం చేశారు. మొక్కలూ సూక్ష్మజీవులూ కుళ్లిన తర్వాత మట్టిలోనూ నీటిలోనూ మిగిలే వేలాది సేంద్రియ అణువుల మిశ్రమం అది. ఈ సేంద్రియ పదార్థాన్ని కరిగించిన క్షార ద్రావణాన్ని బాగా ఆమ్లీకరించినప్పుడు అడుగుకు దిగేది హ్యూమిక్ ఆమ్లం, ఏ పీహెచ్ దగ్గరైనా కరిగి ఉండేది ఫల్విక్ ఆమ్లం. ఈ మిశ్రమ స్వభావం పాఠకుడికి ముందే తెలియకపోతే, ఆ తర్వాత మీరు చెప్పే ప్రతి ఫలితాన్నీ అతను తప్పుగానే అర్థం చేసుకుంటాడు.

పరికరం గురించి ఎక్కువ రాయనక్కరలేదు. 50 నుంచి 75 మైక్రోమీటర్ల లోపలి వ్యాసం గల సిలికా గొట్టం, రెండు చివరల మధ్య 20 నుంచి 30 కిలోవోల్టుల వరకు విద్యుత్తు, ఒకచోట పైపూత తొలగించిన చిన్న కిటికీ గుండా అతినీలలోహిత కాంతి: ఇంత చెబితే చాలు. కాని క్షార బఫర్‌లో (గొట్టాన్ని నింపే, పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణంలో) గొట్టం గోడ రుణావేశం పొందుతుందనీ, అందువల్ల ద్రవమంతా కాథోడ్ (రుణ ధ్రువం) వైపు కదులుతుందనీ తప్పక వివరించండి. రుణావేశం గల హ్యూమిక్ అణువులు ఆనోడ్ (ధన ధ్రువం) వైపు లాగుతున్నా, ఆ ప్రవాహం వాటిని కాథోడ్ వైపే మోసుకుపోతుంది కనుక, అవి పోలిక కోసం కలిపే ఆవేశం లేని తటస్థ సూచిక కంటే ఆలస్యంగా కిటికీని చేరతాయి.

కిటికీ దగ్గర కాంతి శోషణ కాలంతో పాటు ఎలా మారిందో చూపే మీ బొమ్మలో కనిపించేది ఎద్దు మూపురం లాంటి వెడల్పాటి గుట్ట. దాన్ని మీరు పరికరం లోపంగా వర్ణించడం నాకు నచ్చలేదు. ఆవేశంలోనూ పరిమాణంలోనూ కొద్దికొద్దిగా తేడా ఉన్న అణువులు వరుసగా వస్తే గీత అలాగే ఉంటుంది. దానిపై లేచిన సన్నని ముక్కులను (చిన్న శిఖరాలను) విడివిడి భాగాలని రాశారే, అక్కడే జాగ్రత్త కావాలి. బోరేట్ బఫర్ వాడితే, బోరేట్ అయాన్లు హ్యూమిక్ అణువుల్లోని పక్కపక్క హైడ్రాక్సిల్ గుంపులతో సంక్లిష్టాలు ఏర్పరచి వాటి చలనాన్నే మార్చగలవు. అలాంటప్పుడు ఆ ముక్కులు నమూనాలో ఉన్నవో, బఫర్ వల్ల పుట్టినవో, బఫర్ మార్చి చూడకుండా తేల్చలేము.

లోహాల దగ్గర చిక్కు ఇంకా పెద్దది. రాగి, సీసం వంటి అయాన్లు హ్యూమిక్ అణువుల్లో రుణావేశం మోసే కార్బాక్సిల్, ఫినాలిక్ గుంపులను పట్టుకున్నప్పుడు రుణావేశం కొంత తగ్గి, అణువుల చలనశీలత మందగిస్తుంది. మనం కొలిచేది ఆ మార్పునే. కాని బంధం బలహీనమైతే ప్రయాణం మధ్యలోనే లోహం విడిపోవచ్చు, గోడకు అంటుకోవచ్చు, లేదా బఫర్‌లో ఫాస్ఫేట్ ఉంటే దానితో జత కట్టవచ్చు. పైగా అతినీలలోహిత కిటికీ ముఖ్యంగా సేంద్రియ అణువులనే చూస్తుంది, లోహం ఎక్కడుందో చెప్పదు. అది తెలియాలంటే గొట్టం చివరను ఐసీపీ మాస్ స్పెక్ట్రోమీటర్‌కు (ఏ లోహం ఎంత ఉందో కొలిచే పరికరానికి) కలిపి, సేంద్రియ గుట్టతో పాటే లోహమూ వస్తున్నదా అని చూడాలి. అందుకే "రాగి మొత్తం హ్యూమిక్ ఆమ్లంతో బంధంలో ఉంది" అన్న మీ వాక్యం నిలవదు. ఏం చూశారో ఒక వాక్యంలోనూ, దాని నుంచి ఏం ఊహించారో వేరే వాక్యంలోనూ రాయండి. ఈ ఒక్క అలవాటు కోసం నేను గట్టిగా పట్టుబడుతున్నాను, ఎందుకంటే నీటిలో లోహం జీవులకు ఎంత విషమన్నది చాలావరకు దేనితోనూ బంధంలో లేని దాని స్వేచ్ఛా అయాన్ల మీదే ఆధారపడుతుంది. మన మాట నమ్మి ఒక చెరువు నీరు సురక్షితమనుకునే పాఠకుడూ ఉంటాడు.

సవరించిన ప్రతి పంపేటప్పుడు బొమ్మ కింద నమూనా ఎక్కడిదో, బఫర్ ఏదో, దాని గాఢత, పీహెచ్, వోల్టేజి, కాంతి తరంగదైర్ఘ్యం, లోహం కలిపాక ఎంతసేపు ఆగి గొట్టంలోకి ఎక్కించారో రాయండి. లోహం కలపని నమూనా గీతను కూడా అదే బొమ్మలో, అదే కొలమానంతో పక్కనే వేయండి.

మీ శ్రేయోభిలాషి