ఇంట్లో పాత కంప్యూటర్, చేతిలో ఏఐ సీటు: లక్ష పెట్టి ల్యాప్‌టాప్ కొనాలా?

ప్రశ్న: మా అమ్మాయికి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీఎస్ఈ ఏఐ-ఎంఎల్ సీటు వచ్చింది. ఇంట్లో 2015లో కొన్న డెస్క్‌టాప్ ఉంది, నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. క్రోమ్ తెరిస్తే చాలు, మెమరీ తక్కువగా ఉందని మెసేజ్ వచ్చి బిగుసుకుపోతుంది. ఫొటోలన్నీ డిలీట్ చేసినా అదే తీరు. గ్రాఫిక్స్ కార్డున్న లక్ష రూపాయల ల్యాప్‌టాప్ లేకుంటే ఏఐ చదవడం కష్టమంటున్నారు. అప్పు చేసైనా కొనాలా, దీన్నే బాగు చేయించాలా? – ఒక తండ్రి, ప్రొద్దుటూరు

అన్నా, ముందు ఆ అప్పు మాట పక్కన పెట్టండి. కౌన్సెలింగ్ అయిపోయిందంటే చాలు, ఇదే ప్రశ్న ఆదోని నుంచీ వస్తుంది, హిందూపురం నుంచీ వస్తుంది, కంప్యూటర్ మోడల్ ఒక్కటే మారుతుంది. పైకి అడిగేది ల్యాప్‌టాప్ గురించే గానీ లోపల టెన్షన్ వేరు, పక్కింటి పిల్లలు ముందుకు పోయి మన పిల్ల వెనకబడితే రేపు 'నాన్న కొనివ్వలేదు' అంటుందేమోనని. వెనకబడదు. మొదటి ఏడాది ఎక్కువగా లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, సీ ప్రోగ్రామింగ్, వీటికి మీ పాత డబ్బా ఎక్కువే.

ఇక ఆ మెసేజ్ సంగతి. ఫొటోలు డిలీట్ చేశామన్నారు చూడండి, ప్రాణం ఉసూరుమంది. ఫొటోలు ఉండేది హార్డ్ డిస్క్‌లో, చాలక గోల పెడుతున్నది ర్యామ్, అంటే పని నడిచేటప్పుడు కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక మెమరీ. కళ్లం చిన్నదైతే గాదె ఖాళీ చేసి ఏం లాభం? కాకపోతే ఒక లింకు ఉంది. ర్యామ్ నిండినప్పుడు విండోస్ సీ డ్రైవ్‌లో కొంత జాగా అరువు తీసుకుంటుంది, దాన్ని పేజ్ ఫైల్ అంటారు. సీ డ్రైవ్ కూడా కిక్కిరిసి ఉంటే ఆ దారీ మూసుకుపోతుంది, అందుకని అక్కడ ఓ 20 జీబీ ఖాళీ ఉంచండి, పేజ్ ఫైల్ సైజును విండోస్‌కే వదిలేయండి.

మిగతాది మీరు చేయొద్దు, షాపుకూ మోయొద్దు, అమ్మాయి చేతే చేయించండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మెమరీ అన్న చోట నొక్కితే ఎవరెంత తింటున్నారో వరసగా కనబడుతుంది. స్టార్టప్‌లో అక్కర్లేనివన్నీ ఆపేయాలి, రెండు యాంటీవైరస్‌లుంటే ఒకటి తీసేయాలి, క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు తగ్గించి మెమరీ సేవర్ ఆన్ చేయాలి. తర్వాత పర్ఫార్మెన్స్‌లో మెమరీ పేజీ తెరిస్తే ర్యామ్ పెట్టే స్లాట్లు ఎన్నున్నాయో, ఎన్ని నిండాయో ఉంటుంది. ఒకటి ఖాళీగా ఉంటే ఇంకో 4 జీబీ పెట్టించండి. మీ దాంట్లో పట్టేది డీడీఆర్3 రకం ర్యామ్, డీడీఆర్4 తెస్తే స్లాటులోకే దిగదు. విండోస్ 32 బిట్‌ది అయితే ఎంత ర్యామ్ పెట్టినా 4 జీబీ దాటి వాడుకోలేదు, 64 బిట్ వేయాల్సిందే. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ పుణ్యమా అని కొత్త ర్యామ్ ధరలు పెరిగాయి, సెకండ్ హ్యాండ్ డీడీఆర్3 అడిగి చూడండి. చేతిలో ఇంకొంచెం డబ్బుంటే పాత హార్డ్ డిస్క్ తీసి దానికన్నా వేగమైన ఎస్ఎస్‌డీ వేయిస్తే తేడా మీకే తెలుస్తుంది. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది, మీ ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు కాబట్టి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకోవడం మేలు. అదీ అమ్మాయే వేస్తే ఇంకా మేలు, చాలామంది ఫైనలియర్‌కొచ్చినా ఈ పని చేసి ఉండరు.

ఏఐ లెక్కలను వేగంగా చేసే గ్రాఫిక్స్ కార్డు గురించి భయపెట్టినవాళ్లకు గూగుల్ కొలాబ్ పేరు చెప్పండి. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, లెక్క చేసేది గూగుల్ కంప్యూటర్లు, ఉచితంగానే గ్రాఫిక్స్ కార్డు కూడా కొంతసేపు ఇస్తారు. నేర్చుకునే దశకు అది చాలు.

నా అనుమానమల్లా ఆ బ్రాంచి మీదే. ఏఐ-ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని బోర్డులు పెరిగినంత వేగంగా ఆ సబ్జెక్టులు చెప్పేవాళ్లు పెరగలేదు. చాలా చోట్ల సీఎస్ఈకి చెప్పిన మాస్టారే పక్క సెక్షన్‌కు వెళ్లి ఆ పాఠమే చెబుతారు. సీటు వదులుకోమని కాదు, కాలేజీకెళ్లి మూడో ఏడాది మెషీన్ లెర్నింగ్ ఎవరు చెబుతున్నారో, ల్యాబ్ వారానికి ఎన్ని గంటలో అడగండి. జవాబు నసిగితే పేరు చూసి మురిసిపోకండి. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, పైథాన్ గట్టిగా వస్తే మామూలు సీఎస్ఈ పిల్ల కూడా ఆ ఉద్యోగాలకు పోటీ పడుతుంది. అవి రాకుండా లక్ష రూపాయల మెషీన్ ఉంటే సినిమాలు బాగా కనబడతాయి.

ఒక మాట అంటాను, కోప్పడకండి. ఇంత రాశారు కదా, అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. కౌన్సెలింగ్‌లో ఈ బ్రాంచి ఎంచుకున్నది ఎవరు, తనా, మీరా? అప్పు చేసి కొనిచ్చి ప్రతి సెమిస్టర్ ఫలితాల రోజూ ఆ లక్ష గుర్తుచేసే తండ్రులను చాలామందిని చూశాను, పిల్లలకు ల్యాప్‌టాప్ కన్నా ఆ మాటే బరువు.

హాస్టల్లో ఉండబోతే మాత్రం లెక్క వేరు, డెస్క్‌టాప్ మోసుకుపోలేదు కదా. అప్పుడు గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు ల్యాప్‌టాప్, ఎస్ఎస్‌డీతో, 16 జీబీ ర్యామ్ ఉన్నది చూడండి. బడ్జెట్ చాలక 8 జీబీది తీసుకుంటే ర్యామ్ పెంచే స్లాటు ఉందో లేదో షాపులో ముందే అడగండి, కొన్నిటికి ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, తర్వాత పెంచడం కుదరదు.