శౌరయ్య పేరు ఏ పేజీలో ఉంటుంది?

ప్రశ్న: టీచరుగారూ, మాది బోధన్ దగ్గర గుంటూరు వాళ్ల క్యాంపు. నిజాంసాగర్ కాలవ కింద భూములు దొరుకుతున్నాయని మా ముత్తాత శౌరయ్యగారు భార్యాపిల్లలతో ఇక్కడికి వచ్చేశారట. సొంతూరు ఫిరంగిపురం చుట్టుపక్కలే అంటారు గానీ ఊరి పేరు ఎవరికీ గుర్తులేదు. 1910 ప్రాంతంలో పుట్టి ఉంటారు. అటువైపు ఒక కతోలిక విచారణలో (గుడి పరిధి కార్యాలయంలో) అడిగితే జ్ఞానస్నానాల (బాప్తిస్మాల) పుస్తకం తిరగేసి, ఆ పేరు లేదన్నారు. ఇంకేదైనా దారి ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆయన ఆ పుస్తకంలోనే ఉన్నారేమో, ఇంకో పేరుతో. మా విచారణ గురువుల (ఫాదర్ల) దగ్గర సర్టిఫికెట్లు రాసిపెట్టే పని చాలా ఏళ్లు చేశాను కాబట్టి చెబుతున్నాను. ఆ రోజుల్లో పుస్తకాలు లాటిన్‌లో రాసేవారు. ఇంట్లో శౌరయ్య అని పిలిచిన పిల్లాడు అక్కడ ఫ్రాన్సిస్కుస్ జవేరియుస్. రాయప్ప అయితే పేత్రుస్, చిన్నప్ప పౌలుస్. ఇంటిపేరు సంగతి ఇంకా ఘోరం. విదేశీ గురువుల చెవికి ఎలా వినబడితే అలా రాసేవారు. అందుకే ఈసారి వెళ్లినప్పుడు పేరు చెప్పి ఊరుకోకండి. తండ్రి పేరు, తల్లి పేరు కూడా కాగితం మీద రాసి ఇవ్వండి.

అయినా అంత దూరం వెళ్లే ముందు మీ విచారణలోనే వెతకాలి. శౌరయ్యగారి పిల్లల్లో గుంటూరు జిల్లాలో పుట్టి, క్యాంపుకి వచ్చాక పెళ్లి చేసుకున్నవాళ్లు ఉన్నారా? ఉంటే ఆ పెళ్లికి ముందు అక్కడినుంచి జ్ఞానస్నానం సర్టిఫికెట్ తెప్పించమని గురువులు అడిగి ఉంటారు. పెళ్లి కాగితాల కట్టలో అది దొరికితే మీ పాత విచారణ పేరు దాని మీదే ఉంటుంది. చాలామంది గుంటూరు బస్సెక్కుతారు గానీ సొంత గుడి బీరువా తెరిపించరు!

మీరు శౌరయ్యగారి గురించే అడిగారు. నాకైతే ఆయన భార్య పుట్టిల్లు తెలియడం ముఖ్యం. మన దగ్గర తొలికాన్పు పుట్టింట్లోనే కదా. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే జ్ఞానస్నానం ఇప్పించేవారు కాబట్టి, పెద్ద సంతానం పేరు ఆవిడ పుట్టింటి విచారణలో, మిగతావాళ్లవి శౌరయ్యగారి ఊరి పుస్తకంలో ఉండే అవకాశం ఎక్కువ. శౌరయ్యగారి ఊళ్లో పెద్ద బిడ్డ పేరు కనబడలేదంటే పుస్తకం పోయిందనుకోకండి.

పేరు దొరికాక ఆ వరుస పక్కన అంచులో ఏం రాశారో తప్పకుండా చూడండి. 1908 ఈస్టర్ నుంచి అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం, ఎవరికైనా పెళ్లయితే ఆ సంగతి వాళ్ల జ్ఞానస్నానం పేజీలో కూడా ఎక్కించాలి. ఎవరితో, ఎక్కడ, ఎప్పుడు అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొందరు గురువులు బద్ధకించి వదిలేసేవారనుకోండి, అది వేరే సంగతి.

పెళ్లి పుస్తకంలో ఇంకో విశేషం ఉంది. మేనరికానికి చర్చి చట్టం అడ్డు చెబుతుంది, మనవాళ్లేమో మానరు. అందుకని అనుమతి తెప్పించుకుని చేసేవారు. ‘కన్సాంగ్వినితాతిస్’ అనే మాట కనిపిస్తే వధూవరులు రక్తసంబంధీకులన్నమాట. అది ఎన్నో మెట్టు సంబంధమో కూడా రాసేవారు. 1983 దాకా ఉన్న లెక్కలో రెండో మెట్టు అంటే అన్నాచెల్లెళ్ల పిల్లల వరస. ఆ ఒక్క మాటతో రెండు కుటుంబాలు ఒకే చెట్టు మీదికి వస్తాయి.

ఊళ్లో పుస్తకం చెదలు తినేసి ఉంటే మేత్రాసనానికి (బిషప్‌గారి పరిధి కార్యాలయానికి) రాయండి. 1918 నుంచి అమలైన చట్టం ప్రకారం ఏటా చివర్లో పుస్తకాల నకలు అక్కడికి పంపాల్సి ఉండేది. గుంటూరు మేత్రాసనం ఏర్పడింది 1940లో. అంతకుముందు 1928 నుంచి ఆ ప్రాంతం నెల్లూరు కింద ఉండేది, దానికి ముందు మద్రాసు కింద. శౌరయ్యగారి పెళ్లి 1930 ప్రాంతంలో జరిగి ఉంటే నెల్లూరులో అడగాలి. ఆయన తల్లిదండ్రుల దాకా వెళ్లగలిగితే అక్కడ కృష్ణా జిల్లా అని కనబడవచ్చు, కంగారుపడకండి. గుంటూరు జిల్లా పుట్టిందే 1904లో.

ఆదివారం పూజ అయ్యాక మాత్రం వెళ్లకండి, ఎవరికీ తీరిక ఉండదు. మామూలు రోజు పొద్దున, ముందుగా ఫోన్ చేసి వెళ్లండి. ఫొటో తీసేముందు గురువులను అడగండి. అదే పేజీలో ఇతరుల ఇళ్ల సంగతులు కూడా ఉంటాయి, అన్నీ బయటపెట్టదగ్గవి కావు.