పానాఫెస్ట్‌కు వెళ్తే ఏం చూడాలి?

ప్రశ్న: ఘనాలో జరిగే పానాఫెస్ట్‌కు వెళ్లాలనుంది. ఏ రోజులు ముఖ్యం? ముందుగా ఏం చూసుకోవాలి?

జవాబు: ఆఫ్రికా వాళ్లు, బానిసలుగా తరలిపోయిన వాళ్ల వారసులు కలిసే ఈ పండుగ 1992లో మొదలైంది. రెండేళ్లకోసారి వస్తుంది కాబట్టి ముందు ఏడాది సరిచూసుకోండి. ఒక్కరోజే వీలైతే జూలై 31 రాత్రి, ఒకప్పుడు బానిసలను బంధించి ఓడలెక్కించిన కేప్‌కోస్ట్ కోట దగ్గర ఉండండి. అర్ధరాత్రి దాటితే ఆగస్టు 1, బానిసత్వం నుంచి విముక్తి దినం. కోటలో సముద్రం వైపు గుమ్మం మీద ‘తిరిగిరాని ద్వారం’ అని ఉంటుంది. దాటి వెనక్కి తిరిగితే, అదే గుమ్మం అవతలి వైపు ‘తిరిగివచ్చే ద్వారం’! చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, అది పొరపాటే. తీరం వదిలి దేశం లోపలి వైపు వెళ్తే అసిన్ మాన్సో అనే ఊళ్లో, బానిసలకు ఆఖరి స్నానం చేయించిన ఏరుంది. అమెరికా, జమైకాల నుంచి తెచ్చిన ఇద్దరు బానిసల అస్థికలను 1998లో అక్కడే పూడ్చారు.

ఎల్లో ఫీవర్ టీకా పత్రం తప్పనిసరి. అది టీకా వేయించుకున్న 10 రోజులకు గానీ చెల్లదు.