కేసుల భయంతో టీచర్ ఉద్యోగం వద్దంటారా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం, టీచర్ అవుతానంటోంది. పిల్లలెవరైనా ఏదైనా చెబితే టీచర్లే పోలీసులకు చెప్పాలట, లేకపోతే కేసట. ఈ గొడవ లేకుండా ఆరు నెలల ఆన్‌లైన్ చైల్డ్ కౌన్సెలింగ్ కోర్సు చేయిద్దామా, బీఈడీయే మంచిదా? మా బాబును ట్యూషన్ మాస్టారు రెండు దెబ్బలు వేస్తారు, మేమేమీ అనం. రేపు మా అమ్మాయి అలా కొట్టినా కేసేనా?

జవాబు: అమ్మా, కోర్సుల పేరుతో మీరు అడిగింది పోలీస్ స్టేషన్ గురించే. ఈ టెన్షన్‌తో నాకు చాలామంది రాస్తారు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటోంది. అది టీచర్లకే కాదు, మీకూ నాకూ కూడా. కౌన్సెలర్ అయినంత మాత్రాన ఆ బాధ్యత తప్పిపోదు. దాచితే ఆరు నెలల వరకు జైలు. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థ పెద్దకు ఏడాది వరకు. కానీ మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్లకు ఏ ఇబ్బందీ రాకుండా అదే చట్టంలోని 19వ సెక్షన్ కాపాడుతుంది. నిజం తేల్చాల్సింది పోలీసులు. టీచర్ చేయాల్సిందల్లా పిల్లను గుచ్చి గుచ్చి అడక్కుండా, చెప్పింది చెప్పినట్టు రాసుకుని కబురు చేయడం. సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

ఇక ఆ ఆన్‌లైన్ కోర్సు. నాకు నమ్మకం లేదు. సర్టిఫికెట్ అందంగానే ఉంటుంది, దాన్ని చూసి ఉద్యోగమిచ్చే బడి రాయగడలో ఎక్కడుంది? పేరున్న స్కూళ్లు కౌన్సెలర్‌గా సైకాలజీ చదివినవాళ్లనే అడుగుతాయి. అంత ఇష్టమైతే సైకాలజీలో పీజీ చేయించండి. పైగా భయపడ్డ పిల్ల అపాయింట్‌మెంట్ తీసుకుని కౌన్సెలర్ గదికి రాదు. రోజూ కనిపించే టీచర్ కొంగు పట్టుకుంటుంది. మన వైపు ఇంట్లో తెలుగో, కోందుల భాష కువీయో, బడిలో ఒడియా. దెబ్బ తిన్న పిల్ల గొంతు పెగిలేది ఇంటి భాషలోనే. అది అర్థమయ్యే టీచర్ దొరకడమే కష్టం, మీ అమ్మాయి ఆ పనికే వెళ్తానంటోంది.

బీఈడీ అన్నారు కాబట్టి ఒక్కమాట: ఒకటి నుంచి ఐదు తరగతులకు బీఈడీ అర్హత కాదని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. చిన్నపిల్లలంటే ఇష్టమైతే ప్రాథమిక తరగతుల టీచర్లకుండే డిప్లొమా డీఈఎల్ఈడీ, పెద్ద తరగతులకైతే బీఈడీ.

కొట్టడం మాటకొస్తే, బడిలో దాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది, మాటలతో వేధించడాన్ని కూడా. మీ అమ్మాయి కొడితే కేసవుతుందేమోనని బెంగ పడుతున్నారు, మీ బాబు తింటున్న దెబ్బలకు మాత్రం బెంగ లేదు! ‘కళ్లు రెండూ వదిలేసి తోలు తీయండి మాస్టారూ’ అనే రోజులు పోయాయమ్మా. ఇంట్లో తమ్ముడు దెబ్బలు తినడం మామూలే అని చూస్తూ పెరిగిన పిల్ల రేపు క్లాసులో బెత్తం ఎందుకు పట్టదు? ఫారాలు నింపడానికి ఇంకా టైముంది. ముందు ఆ మాస్టారితో మాట్లాడండి, వినకపోతే ట్యూషన్ మార్చండి.