ఐదేళ్ల మామిల్లేరియా కాక్టస్ పూయడం లేదా? చలికాలం నీళ్లు ఆపండి

మీ కాక్టస్ ఐదేళ్లయినా ఎందుకు పూయడం లేదని అడిగారు, చలికాలంలోనూ వారం వారం నీళ్లు పోస్తున్నానన్నారు. ఐదేళ్ల మామిల్లేరియా ఒక్క మొగ్గా వేయకపోవడానికి చాలావరకు అదే కారణం. పచ్చగా, గట్టిగా ఉందంటే జబ్బేమీ లేదండీ, దానికి విశ్రాంతి దొరకలేదు.

1. నవంబరు వానలు వెళ్లాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి సగం దాకా నీళ్లు పూర్తిగా ఆపేయండి. అందరూ తప్పేది ఇక్కడే. మొక్క కాస్త ముడుచుకోగానే జాలిపడి గ్లాసుడు పోసేస్తారు. దయచేసి పోయకండి, ముడుచుకోవడం మామూలే. మన వైజాగ్‌లో చలి తక్కువ, రాత్రిళ్లు కూడా 17, 18 డిగ్రీల కంటే పెద్దగా దిగదు. కాబట్టి చలికాలం వచ్చిందని మొక్కకు తెలిసేది ముఖ్యంగా ఆ పొడి మట్టి వల్లే. రాత్రి చల్లగాలి తగిలేలా బయటే ఉంచండి, వాన జల్లు మాత్రం పడనీయకండి.

2. ఎంవీపీ కాలనీలో ఉత్తరం బాల్కనీ అన్నారు, ఆ వెలుతురు చాలదు. రోజూ ఐదారు గంటల ఎండ కావాలి. డాబా మీదకి మార్చండి, కానీ పది రోజులు కొద్దికొద్దిగా అలవాటు చేస్తూ. లేకపోతే పైతోలు మాడుతుంది.

3. ఫిబ్రవరి సగం దాటాక నీళ్లు మళ్లీ మొదలుపెట్టి, నత్రజని తక్కువ, పొటాష్ ఎక్కువ ఉన్న ఎరువు సగం మోతాదులో ఒకసారి ఇవ్వండి.

4. మొగ్గ కనిపించాక కుండీ తిప్పొద్దు.