డెత్‌టచ్, ట్రాంపుల్ కలిస్తే డ్యామేజ్ లెక్క

మ్యాజిక్ ద గ్యాదరింగ్ కార్డ్ గేమ్‌లో మీ 5/5 (కొట్టే బలం 5, తట్టుకునే బలం 5) ట్రాంపుల్ క్రీచర్‌కి బాసిలిస్క్ కాలర్ అనే ఎక్విప్‌మెంట్ కార్డ్ తగిలించి ఎటాక్ చేస్తే, అవతలాయన 4/4తో, ఇన్‌డిస్ట్రక్టిబుల్ ఉన్న 2/2తో బ్లాక్ చేశారు. ఆయనకి ఎంత తగులుతుందనేగా మీ ప్రశ్న? ఆయనేమో సున్నా అన్నారు. 3 వరకు పంపొచ్చండీ. ఆయన లెక్క తప్పు.

ట్రాంపుల్ ఉంటే ముందు ప్రతి బ్లాకర్‌కీ చచ్చేంత డ్యామేజ్ కేటాయించాలి, మిగిలిందే ప్లేయర్‌కి. కాలర్ ఇచ్చే డెత్‌టచ్ (కాస్త డ్యామేజ్ తగిలినా క్రీచర్‌ని చంపే గుణం) వల్ల ఆ ‘చచ్చేంత’ అనేది 1కి దిగిపోతుంది (రూల్ 702.2సి). అంటే 1, 1, పోగా 3. ఇన్‌డిస్ట్రక్టిబుల్ చావదు, నిజమే. కానీ పంచేటప్పుడు అది నిజంగా చస్తుందా లేదా అన్నది రూల్ చూడదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. లైఫ్‌లింక్ (చేసిన డ్యామేజ్ అంత లైఫ్ మీకు రావడం) కూడా కాలర్‌దే కాబట్టి మీకు మొత్తం 5 లైఫ్ వస్తుంది.

ఒక్క చిక్కుంది. బ్లాకర్లు ప్రకటించాక, డ్యామేజ్‌కి ముందు ఆయన కాలర్‌ని డిస్ట్రాయ్ చేస్తే డెత్‌టచ్ పోయి లెక్క 4+2కి మారుతుంది. 6 కావాలి, మీకున్నది 5. ప్లేయర్‌కి ఏమీ పోదు. డ్యామేజ్ పంచడం మొదలయ్యాక మాత్రం మధ్యలో ఇన్‌స్టంట్ (అప్పటికప్పుడు వేసే కార్డ్) వేసే వీలు ఎవరికీ లేదు. 4/4ని ఆయనే ముందుగా శాక్రిఫైస్ చేసుకుంటే మీకింకా మంచిది: 2/2కి 1, ఆయనకి 4.